పాప జ్వరానికీ ఆర్మేనియా వంశానికీ ఉన్న చుట్టరికం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది గుంటూరు వైపు, మీ ఆవిడ ఆర్మేనియన్, కాపురం లాస్ ఏంజలెస్ పక్కనున్న గ్లెండేల్‌లో. ఆరేళ్ల పాపకి మూడు నాలుగు వారాలకోసారి ఉన్నట్టుండి జ్వరం, పొట్ట మీద చెయ్యి కూడా వేయనివ్వనంత నొప్పి. రెండు రోజులు పోయాక ఏమీ ఎరగనట్టు లేచి ఆడుకుంటుంది. డాక్టరు ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్ (వంశపారంపర్యంగా వచ్చే మధ్యధరా జ్వరం) అని తేల్చి కోల్చిసిన్ రాశారు. జన్యు పరీక్షలో ఎంఈఎఫ్‌వి అనే జన్యువులో తల్లి నుంచి ఎం694వి, మీ నుంచి ఇ148క్యూ అనే మార్పులు వచ్చాయని తేలింది. మీ మామగారు "ఇది మా జాతి జబ్బు, పాప అచ్చంగా మా రక్తమే" అంటున్నారు. మీ స్నేహితుడు "నీకూ ఒకటి ఉందంటే మీ పూర్వీకులూ మధ్యధరా నుంచి వచ్చినవాళ్లే" అన్నాడు. మందు రోజూ వేయాలా, నొప్పి వచ్చినప్పుడు వేస్తే చాలదా, ఆ ఇద్దరి మాటల్లో నిజమెంత అని మీరు అడిగారు.

నేను వైద్యం చదివింది ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో. తర్వాత కీళ్ల జబ్బులూ ఇలాంటి జ్వరాలూ చూసే రుమటాలజీలోకి వచ్చాను. ఈ జబ్బు ఉన్నవాళ్లని అక్కడా, బయటా చాలామందిని చూశాను. వంశం సంగతి మాట్లాడటం నాకూ ఇష్టమే, కానీ ముందు మందు సంగతి తేల్చుకుందాం.

రోజూ వేయాలి. నొప్పి మొదలయ్యాక వేసిన మాత్ర ఆ విడతని ఆపలేదు. రోజూ వేస్తే విడతలు రాకుండా ఆపుతుంది, వచ్చినా తగ్గిస్తుంది. అంతకంటే పెద్ద సంగతి కిడ్నీలది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) రేగినప్పుడల్లా కాలేయం సీరం అమిలాయిడ్ ఎ అనే ప్రోటీన్‌ని ఎక్కువెక్కువగా తయారు చేస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే అది మడతలు పడి కిడ్నీల్లో పేరుకుంటుంది. దాన్నే అమిలాయిడోసిస్ అంటాం. మొదట మూత్రంలో ప్రోటీన్ పోతుంది, తర్వాత కాళ్లు వాస్తాయి, చివరికి కిడ్నీలు ఆగిపోతాయి. కోల్చిసిన్ లేని రోజుల్లో ఈ జబ్బు మనుషుల్ని చంపింది జ్వరంతో కాదు, ఇలాగే. ఇది రోజూ వేసుకుంటే విడతలు ఆగుతాయని 1972లో బోస్టన్‌లో గోల్డ్‌ఫింగర్, టర్కీలో ఓజ్కాన్ ఎవరికి వారుగా చెప్పారు. కిడ్నీలని కూడా కాపాడుతుందని 1986లో ఇజ్రాయెల్ వైద్యులు పెద్ద సంఖ్యలో రోగులని ఏళ్ల పాటు గమనించి చూపించారు. ఇంకోమాట: కోల్చిసిన్ వచ్చే మొక్కకి ఆ పేరు కోల్చిస్ అనే పాత దేశం వల్ల వచ్చింది. ఆ దేశం నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి జార్జియా పడమటి భాగంలో ఉండేది. ఆర్మేనియాకి పక్కిల్లే.

చదువుకునే రోజుల్లో చూసిన ఒక రాత్రి చెబుతాను. పిల్లల వార్డులోకి తొమ్మిదేళ్ల బాబుని ఎత్తుకొచ్చారు. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. మంచం ఎవరైనా తగిలితే చాలు, ముఖం చిట్లించేవాడు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఆ పొట్టని చూసిన ఏ సర్జన్ అయినా అపెండిక్స్ అనే అంటాడు. అప్పుడు బాబు వాళ్ల నానమ్మ చేతిసంచిలోంచి గళ్ల కాగితాల నోటుబుక్కు తీసి డ్యూటీ డాక్టరు ముందు పెట్టింది. తేదీ, మొదలైన గంట, తగ్గిన గంట, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. రెండేళ్ల లెక్క. ఒక్కటి కూడా మూడు రోజులు దాటలేదు. "పార్బెరకన్" అంది ఆమె, ఆ ఒక్క మాటే. మళ్లీ మళ్లీ వచ్చేది అని అర్థం, ఆర్మేనియన్లు ఈ జబ్బుని పిలుచుకునే పేరు. కత్తి బయటికి తీయలేదు. మూడో రోజు పొద్దున ఆ బాబు రొట్టె, జున్ను తింటూ కనిపించాడు. పెద్దవాళ్ల వార్డులో మాత్రం పొట్ట మీద అపెండిక్స్ ఆపరేషన్ గీత ఉండి, పాదాలు వాచి, డయాలిసిస్‌కి ఎదురుచూస్తున్న మనుషులు ఉండేవాళ్లు. వాళ్ల చిన్నప్పుడు అలాంటి నోటుబుక్కు పట్టుకున్నవాళ్లు లేరు. మీరూ ఒక నోటుబుక్కు పెట్టండి. ఫోన్‌లో రాసుకున్నా సరే.

ఇక వంశం.

మీ మామగారి మాటలో నిజం చాలానే ఉంది. ఈ జబ్బు ఆర్మేనియన్లలో దాదాపు అయిదు వందల మందిలో ఒకరికి ఉంటుంది. మామూలుగా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు మార్పులు వస్తేనే జబ్బు కనబడుతుంది. ఒక మార్పు మాత్రమే మోస్తూ జబ్బు లేకుండా తిరిగేవాళ్లు అయిదుగురిలో ఒకరు. సోవియట్ రోజుల్లో రష్యన్ వైద్యులు దీన్ని "యెరెవాన్ జబ్బు" అనేవాళ్లు. 1915లో మొదలైన ఒట్టోమన్ టర్కుల ఊచకోత తప్పించుకుని లెబనాన్‌కీ, ఫ్రాన్స్‌కీ, కాలిఫోర్నియాకీ చేరిన కుటుంబాలతో ఇది కూడా అక్కడికి చేరింది. 1974లోనే లాస్ ఏంజలెస్ వైద్యులు ఆర్మేనియన్ రోగులు వందమందిని పరిశీలించి ప్రచురించారు. మీరుంటున్న చోట పిల్లల డాక్టర్లు ఈ పేరు వినగానే తడుముకోకపోవడానికి కారణం ఆ చరిత్రే. అదే పాప హ్యూస్టన్‌లోనో గుంటూరులోనో ఉంటే రెండు మూడేళ్లు ఆలస్యమయ్యేది.

అయితే "మా జాతి జబ్బు" అన్నప్పుడు ఆ "మా"లోకి ఎవరెవరు వస్తారన్నది చూడాలి. వైద్య గ్రంథాల్లో ఇది మొదట కనిపించింది 1908లో, న్యూయార్క్‌లో, పదహారేళ్ల యూదు అమ్మాయిలో. ఇప్పుడున్న పేరు 1958లో ఇజ్రాయెల్ వైద్యులు పెట్టారు. వాళ్ల రోగుల్లో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా నుంచీ ఇరాక్ నుంచీ వచ్చిన యూదులు. ఆ తర్వాత టర్కుల్లో, అరబ్బుల్లో, లెబనాన్, సిరియా ప్రాంతాల్లో ఉండే డ్రూజులనే మతవర్గంలో కూడా బయటపడింది. 1997లో రెండు బృందాలు ఒకేసారి, పోటాపోటీగా, 16వ క్రోమోజోమ్ మీద దీని జన్యువుని పట్టుకున్నాయి. అది తయారు చేసే ప్రోటీన్‌కి ఒక బృందం గ్రీకులో నిప్పుని బట్టి పైరిన్ అని పేరు పెట్టింది. ఫ్రెంచివాళ్లు రోమన్లు మధ్యధరాని పిలిచిన "మన సముద్రం" అన్న లాటిన్ మాటని బట్టి మారెనోస్ట్రిన్ అన్నారు. పైరిన్ నిలబడింది.

అసలు ఆశ్చర్యం జన్యువు దొరికాక మొదలైంది. దీన్ని తాళపత్రాల లెక్కన చెబితే సులువు. ఒకే కావ్యానికి రాజమండ్రిలో ఒక ప్రతి, తంజావూరులో ఒక ప్రతి దొరికాయనుకోండి. రెండింట్లోనూ ఒకే పద్యంలో ఒకే అక్షరం తప్పు పడింది. అది యాదృచ్ఛికం కావచ్చు. కానీ ఆ తప్పుకి ముందు నాలుగు పద్యాలు, వెనక నాలుగు పద్యాల్లోని చిన్న చిన్న పాఠభేదాలు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే, ఆ రెండూ ఒకే మాతృకని చూసి రాసినవని పరిష్కర్తలు తేలుస్తారు. జన్యుశాస్త్రంలోనూ అంతే. మార్పు ఒక్కటే చూడరు, దానికి అటూ ఇటూ ఉన్న డీఎన్‌ఏ ముక్క మొత్తం చూస్తారు. తరం మారినప్పుడల్లా తల్లి ముక్కా తండ్రి ముక్కా తెగి అతుక్కుంటాయి కాబట్టి, కలిసి నడిచే ఆ ముక్క తరాలు గడిచేకొద్దీ పొట్టిదవుతుంది. ఎంత పొట్టిదైందో కొలిచి మార్పు వయసు అంచనా వేస్తారు.

అలా చూస్తే మొరాకో యూదుడి ఎం694వి, ఆర్మేనియన్ ఎం694వి, టర్కు ఎం694వి ఒకే మాతృక నుంచి వచ్చినవి. వి726ఎ అనే ఇంకో మార్పు తూర్పు యూరప్ యూదుల్లో, ఇరాక్ యూదుల్లో, డ్రూజుల్లో, ఆర్మేనియన్లలో ఒకే ముక్క మీద కూర్చుని ఉంది. ఒకళ్ల గుడికి ఒకళ్లు పోరు, ఒకళ్లింట్లో ఒకళ్లు పెళ్లి చేసుకోరు, వేల మైళ్ల దూరాన బతికారు. అయినా ఎక్కడో ఒక్క మనిషి దగ్గర వీళ్ల దారులు కలుస్తాయి. ఆ మనిషి మధ్యప్రాచ్యంలో రెండు వేల ఏళ్లకి పైగా ముందు బతికాడు. అప్పటికి క్రైస్తవం లేదు, ఇస్లాం లేదు, ఇప్పటి టర్కీ ఉన్న అనటోలియాలో టర్కిష్ భాష లేదు. ఆర్మేనియా క్రైస్తవ దేశమైంది 301లో అని వాళ్ల సంప్రదాయం. సెల్జుక్ టర్కులు తమకి అనటోలియా దారి తెరిచిన మంజికెర్ట్ యుద్ధం గెలిచింది 1071లో. మీ పాపకి తల్లి నుంచి వచ్చిన అక్షరదోషం ఆ రెండింటికంటే పాతది.

టర్కుల మాట మీ మామగారికి చేదుగా ఉంటుంది. 1915లో తాతముత్తాతలని పోగొట్టుకున్న ఇంట్లో ఆ మాట తేలిగ్గా అనగలిగేది కాదు. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మీరే చూసుకోండి. నిజం మాత్రం ఇది: అనటోలియాలో భాషా మతమూ మారినంతగా మనుషులు మారలేదు. ఇవాళ్టి టర్కుల పూర్వీకుల్లో ఎక్కువ భాగం అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నవాళ్లు. అందుకే వాళ్లలో కూడా ఈ జబ్బు దాదాపు వెయ్యిలో ఒకరికి ఉంది. ఆర్మేనియన్ల సంగతికొస్తే, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వాళ్లు అనటోలియా పడమటి వైపున్న ఫ్రిజియా అనే పాత రాజ్యం నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లని రాశాడు. ఇప్పటి జన్యు పరిశోధన ఆ మాటని బలపరచడం లేదు. కంచుయుగంలో కలిసిన జనాల నుంచి ఏర్పడి, ఆ తర్వాత మూడు వేల ఏళ్లుగా చాలావరకు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ ఆ కొండల్లోనే ఉన్నవాళ్లని చెబుతోంది. మీ మామగారు "మేం ఇక్కడివాళ్లం, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లం కాం" అని అంటూ ఉంటే, ఆ మాటకి సైన్సు మద్దతు ఉంది. ఎం694వి మాత్రం దానికి సాక్ష్యం కాదు. అది పక్కింటివాళ్ల దగ్గర కూడా ఉంది.

తమలో తామే పెళ్లిళ్లు అంటే మనకి కొత్తేమీ కాదు. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే స్కోలిన్ అనే ఇంజెక్షన్ నిమిషాల్లో కరగాల్సింది గంటల తరబడి కరగదు, ఊపిరి కండరాలు లేవవు. ఆ మందుని కరిగించే ఎంజైమ్ లోపం వాళ్లలో ఎక్కువ. మూల పురుషులు కొద్దిమందే అయి, బయట పెళ్లిళ్లు లేకపోతే ఒక అక్షరదోషం ఇలా పేరుకుంటుంది. మన మత్తు డాక్టర్లకి ఇది తెలిసిన సంగతే.

కానీ మధ్యధరా జ్వరానికి ఈ కారణం ఒక్కటే సరిపోదు. ఒకే జన్యువులో నాలుగైదు వేర్వేరు మార్పులు, అన్నీ ఒకే ప్రాంతంలో, అన్నీ ఇంత ఎక్కువగా ఎందుకున్నాయి? ఏదో లాభం ఉండి ఉండాలని చాలాకాలంగా అనుకున్నారు. 2020లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో డేనియల్ కాస్ట్నర్ బృందం, టర్కీ పరిశోధకులతో కలిసి, గట్టి ఆధారం చూపించింది. ఆ లాభం ప్లేగు నుంచి రక్షణ.

పైరిన్ మన తెల్లరక్తకణాల్లో కాపలాదారు. కణం లోపల రో-ఎ అనే ప్రోటీన్ పని చేస్తున్నంతసేపూ కాపలాదారుని కట్టేసి ఉంచుతుంది. ఏ బ్యాక్టీరియా విషమో రో-ఎని పడగొడితే కట్టు తెగుతుంది, పైరిన్ లేస్తుంది, ఇంటర్‌ల్యూకిన్-1 అనే సంకేత ప్రోటీన్ విడుదలై జ్వరమొస్తుంది. ప్లేగు బ్యాక్టీరియా కూడా రో-ఎని పడగొట్టేదే. అందుకని అది ఇంకో ప్రోటీన్‌ని తోడు తెచ్చుకుంటుంది. యోప్-ఎం దాని పేరు. అది వచ్చి కాపలాదారుని మళ్లీ కట్టేస్తుంది. ఎం694వి లాంటి మార్పు ఉన్న పైరిన్ ఆ కట్టుకి సరిగ్గా లొంగదు. ఒక్క మార్పు మోసేవాళ్ల కణాలు కూడా ప్లేగు బ్యాక్టీరియాకి ఎక్కువ ఇంటర్‌ల్యూకిన్-1 విడుదల చేశాయి. ఈ మార్పులు పెట్టిన ఎలుకలు ప్లేగు సోకినా మామూలు ఎలుకల కంటే ఎక్కువ బతికాయి. 541లో మొదలైన జస్టీనియన్ ప్లేగు, పద్నాలుగో శతాబ్దపు నల్లచావు, రెండూ ఆ నేల మీదుగా పోయినవే. అదే కట్టు తెగిన కాపలాదారు, శత్రువు లేని రోజుల్లో కూడా, మీ పాప పొట్టలో నెలకోసారి కేకలు పెడుతున్నాడు.

ఇప్పుడు మీ ఇ148క్యూ. మీ స్నేహితుడి మాట తప్పు. ఈ మార్పు మన దేశంలో, చైనాలో, జపాన్‌లో మధ్యధరా తీరంలో కంటే ఎక్కువగా ఉంది. దక్షిణాసియాలో తక్కువలో తక్కువ నలుగురైదుగురిలో ఒకరైనా దీన్ని మోస్తున్నారు. గుంటూరులో ఒక పెళ్లి పందిట్లో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. జబ్బు పేరులో మధ్యధరా ఉంది కాబట్టి ఆ జన్యువులో ఏ తేడా కనిపించినా అక్కడి నుంచే వచ్చిందనుకోవడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. నిజంగా ఒకే ముక్క రెండు చోట్ల ఉన్నా వంశం అంత తేలిగ్గా తేలదు. ఆదిలాబాద్ గోండుల్లాంటి గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ మార్పు అరబ్-ఇండియన్ రకం అనే ముక్క మీద ఉంటుంది. సౌదీ తూర్పు తీరంలో కూడా అదే రకం. అంతమాత్రాన గోండులు అరబ్బులు కారు. ఒక జన్యువు నడిచిన దారి వేరు, ఒక జాతి నడిచిన దారి వేరు.

మాటలకి కూడా ఇదే వర్తిస్తుంది. ఆర్మేనియన్‌లో జెర్మ్ అంటే వేడి, జెర్ముత్యున్ అంటే జ్వరం. వేడి అనే అర్థమున్న సంస్కృత ఘర్మానికి అది చుట్టం, ఒకే మూలం. 1184లోనే జ్వరాల మీద పుస్తకం రాసిన ఆర్మేనియన్ వైద్యుడు మ్ఖితార్ హెరాత్సి పేరునే యెరెవాన్ వైద్య విశ్వవిద్యాలయానికి పెట్టారు. ఆ పుస్తకం పేరులోనూ ఈ మాట ఉంది. మనం తెలుగులో ఘర్మజలం అంటాం. అంతమాత్రాన ఆ మాట మనకి ఆర్మేనియన్లతో రక్తసంబంధం కలపదు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నాం, అంతే.

మరి పాప జబ్బులో మీ ఇ148క్యూ వాటా ఎంత? ఒంటరిగా అది జబ్బు తెప్పించదని మాలో ఎక్కువమంది అభిప్రాయం. ఎం694వితో జత కలిస్తే ఎంత బరువు అన్నదానిలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. అధికారిక వర్గీకరణలో కూడా దాన్ని "తేలని మార్పు"గానే ఉంచారు. మీ ఆవిడ తనవల్ల అని, మీరు మీవల్ల అని బాధపడకండి. ఎం694వి ఒక్కటే ఉండి కూడా జబ్బు కనబడే పిల్లలు చాలామంది ఉన్నారు. రెండు మార్పులుండి ఏమీ లేనివాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా తూర్పు యూరప్ యూదుల్లో. అందుకే నిర్ధారణ రిపోర్టుతో కాదు, విడతల తీరుతో చేస్తాం: ఒకటి నుంచి మూడు రోజుల జ్వరం, పొట్టో ఛాతీయో కీలో నొప్పి, ఆ సమయంలో రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే సీఆర్‌పీ పెరగడం, మధ్యలో మామూలుగా ఉండటం, కోల్చిసిన్‌కి లొంగడం.

జన్యువు ఒక్కటే రాత రాయదనడానికి ఇంకో గట్టి రుజువుంది, ఇది మీ మామగారికి తప్పకుండా చెప్పండి. 2007లో 14 దేశాల నుంచి 2,482 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. కిడ్నీలు పాడవడానికి అన్నిటికంటే బలమైన కారణం ఏ మార్పు ఉందన్నది కాదు, ఏ దేశంలో ఉంటున్నారన్నది. లాస్ ఏంజలెస్ ఆర్మేనియన్లలో అమిలాయిడోసిస్ అరుదు. అవే మార్పులతో ఆర్మేనియాలో ఉన్నవాళ్లలో ఎక్కువ. మీ పాప ఉన్న చోటు మంచిది, మందు చేతిలో ఉంది.

సెలవులకి గుంటూరు వస్తారు కదా, ఆ సంగతి కూడా చెప్పేస్తాను. అమెరికాలో మాత్ర 0.6 మిల్లీగ్రాములు, ఇక్కడ దొరికేది 0.5. సరిపడా మాత్రలు వెంట తెచ్చుకోండి, పిల్లల చేతికి అందనంత ఎత్తులో పెట్టండి, ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు. గొంతు నొప్పికి ఎవరైనా క్లారిత్రోమైసిన్ రాస్తే ముందు కోల్చిసిన్ సంగతి చెప్పండి, ఆ రెండూ కలవకూడదు. మొదట్లో విరేచనాలైతే మానేయకుండా డాక్టరుతో మోతాదు మాట్లాడండి. కోల్చిసిన్‌కి లొంగకపోతే ఇంటర్‌ల్యూకిన్-1ని ఆపే ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ఆ మాట ఇప్పుడే అక్కర్లేదు. ఆరు నెలలకోసారి మూత్రంలో ప్రోటీన్, రక్తంలో సీఆర్‌పీ చూపించండి. వీలైతే సీరం అమిలాయిడ్ ఎ కూడా.

ఇంకొక్కటి. ఇక్కడున్నప్పుడు జ్వరం వస్తే "అదేలే" అనుకోవద్దు. మూడు రోజులు దాటినా, కడుపునొప్పి లేకుండా వచ్చినా, దద్దుర్లు కనిపించినా, వాంతులు ఆగకపోయినా డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేయించండి. నోటుబుక్కు డాక్టరుకి చూపించి, ఈసారిది పాత విడతల్లా లేదని మీరే చెప్పండి. మధ్యధరా జ్వరం ఉన్న పిల్లకి కూడా అపెండిక్స్ రావచ్చు. నొప్పి కుడివైపు కిందకి దిగి అక్కడే నిలిచిపోతే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.